వరంగల్‌లో ఉండి హామ్ రేడియో మొదలుపెట్టేవాళ్లకు: ఏ సామాను ముందు, ఏది తర్వాత

హామ్ రేడియో అంటే లైసెన్స్ తీసుకుని, సొంత రేడియో సెట్‌తో ఇతర ఔత్సాహికులతో మాట్లాడే హాబీ. లైసెన్స్ చేతికి రాగానే నేను చేసిన మొదటి పని ఒక హ్యాండీ కొనడం. జేబులో పట్టే సెట్, రెండు బ్యాండ్లు, ఐదు వాట్లు. ఛార్జింగ్ పెట్టి, సాయంత్రం పద్మాక్షి గుట్ట ఎక్కి "సీక్యూ సీక్యూ" (ఎవరైనా ఉన్నారా) అని పావుగంట పిలిచాను. కింద ఊరంతా లైట్లు వెలుగుతున్నాయి, సెట్లో మాత్రం సర్‌ర్ మనే చప్పుడు తప్ప ఏమీ లేదు. మర్నాడూ అంతే, పదిహేను రోజులూ అంతే. సెట్టే పాడైందనుకున్నా. సెట్ బాగానే ఉంది, బదులు పలకడానికి ఆ దూరంలో ఎవరూ లేరు, అంతే.

కొత్తగా వచ్చినవాళ్లకు ఎవరైనా ముందు హ్యాండీ కొనమనే చెప్తారు, ఎందుకంటే చవక. ఆ సలహా హైదరాబాద్, బెంగళూరు లాంటి చోట బాగానే నడుస్తుంది, అక్కడ రిపీటర్లుంటాయి (ఎత్తున ఉండి మన సిగ్నల్ అందుకుని దూరం పంపేవి), సాయంత్రమైతే మాట్లాడే మనుషులుంటారు. వరంగల్, కరీంనగర్, జగిత్యాల, భూపాలపల్లి వైపు ఉన్నవాళ్లు మాత్రం ఆ వరుసను తిరగేయాలి. ముందు వినడం, తర్వాత యాంటెన్నా, ఆ తర్వాత హెచ్‌ఎఫ్ సెట్ (3 నుంచి 30 మెగాహెర్ట్జ్ మీద దూరం మాట్లాడేది), హ్యాండీ అన్నింటికన్నా చివర. ఎందుకో చెప్తాను.

మొదటి మెట్టు: పైసా పెట్టకుండా వినండి

నెదర్లాండ్స్‌లో ట్వెంటే యూనివర్సిటీ వాళ్ల వెబ్ ఎస్‌డీఆర్ ఉంది, అంటే ఇంటర్నెట్‌లో ఎవరైనా వాడుకోగలిగే రేడియో రిసీవర్. మీ ఫోన్ బ్రౌజర్‌లోనే తెరిచి, అక్కడి రిసీవర్‌ను ఇక్కడ హన్మకొండలో కూర్చుని తిప్పొచ్చు. ఇలాంటివే కివీ ఎస్‌డీఆర్ అనే రిసీవర్లు ప్రపంచమంతా ఉన్నాయి, మన దగ్గరి దేశాల్లోవీ దొరుకుతాయి. నెల రోజులు వీటితోనే గడపండి. 7 మెగాహెర్ట్జ్, 14 మెగాహెర్ట్జ్ బ్యాండ్లు ఏ వేళ ఎలా మారతాయో చెవికి పట్టించండి.

మొదట్లో మనుషుల గొంతులు బాతు అరిచినట్టు వినిపిస్తాయి. అది ఎస్‌ఎస్‌బీ మోడ్, సిగ్నల్‌లో ఒక పక్కను మాత్రమే పంపే పద్ధతి; కింది పక్క ఎల్‌ఎస్‌బీ, పై పక్క యూఎస్‌బీ. 10 మెగాహెర్ట్జ్ కింద ఎల్‌ఎస్‌బీ, పైన యూఎస్‌బీ పెట్టి, డయల్‌ను నెమ్మదిగా జరుపుతూ పోతే ఒకచోట బాతు కాస్తా మనిషవుతుంది. ఆ జరపడం వేళ్లకు అలవాటు కావాలి. కాల్‌సైన్ (ప్రతి హామ్‌కూ ఇచ్చే గుర్తింపు పేరు) విన్నప్పుడల్లా కాగితం మీద రాయండి. వీయూ అంటే మనదేశం, 4ఎస్ శ్రీలంక, జేఏ జపాన్. నెల అయ్యేసరికి ఈ హాబీ మీకు నచ్చుతుందో లేదో తెలిసిపోతుంది. నచ్చకపోతే రూపాయి నష్టం లేదు. మా బాబాయి కొడుకు ఇలాగే మూడు వారాలు విని "నాతోని కాదన్నా" అన్నాడు. వాడికి నలభై వేలు మిగిలాయి.

నచ్చితే మొదటి కొనుగోలు ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్. పెన్‌డ్రైవ్ సైజులో ఉండే రిసీవర్, కంప్యూటర్‌కు గుచ్చాలి. ఇది వినడానికే, పంపడానికి కాదు. మామూలు డాంగిల్ 24 మెగాహెర్ట్జ్ పైన మాత్రమే వింటుంది, కాబట్టి 7 మెగాహెర్ట్జ్ వినాలంటే వీ3 లేదా వీ4 రకమే అడగండి. వీ3లో డైరెక్ట్ శాంప్లింగ్ సెట్టింగ్ మార్చుకోవాలి, వీ4లో ఆ బాధ లేదు. చవగ్గా వస్తుందని నకిలీ తీసుకుంటే అది వేడెక్కి ఫ్రీక్వెన్సీ జారుతూ ఉంటుంది.

డాంగిల్ వల్ల ఇంకో లాభం ఉంది, మీ ఇంట్లో రేడియో నాయిస్ ఎంత ఉందో కళ్లతో చూడొచ్చు. స్క్రీన్ మీద జలపాతంలా రంగుల పట్టీ దిగుతుంటే ఒక్కో స్విచ్ ఆపుతూ రండి. మా ఇంట్లో హాల్లో ఎల్‌ఈడీ బల్బు ఒకటి, ఫోన్ ఛార్జర్ ఒకటి, అన్నింటికన్నా ఘోరంగా ఇన్వర్టర్. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడు 7 మెగాహెర్ట్జ్ మొత్తం గీతలే. ఇది ముందే తెలిస్తే యాంటెన్నాను ఇంట్లో ఏ మూలకు దూరంగా కట్టాలో తెలుస్తుంది.

రెండో మెట్టు: కాగితాలు

దీన్ని దాటేసి ముందుకు పోవద్దు. మనదేశంలో లైసెన్స్ లేకుండా పంపడం ఒక్కటే కాదు, పంపే సెట్ దగ్గర ఉంచుకోవడం కూడా తప్పే. 2025 మేలో అనుమతుల్లేని వాకీ టాకీలు అమ్ముతున్నారని ఆన్‌లైన్ సైట్లకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ నోటీసులు కూడా ఇచ్చింది. ఆన్‌లైన్‌లో దొరుకుతోంది కాబట్టి చట్టబద్ధమే అనుకోవద్దు.

పన్నెండేళ్లు నిండిన ఎవరైనా పరీక్ష రాయొచ్చు. రెండు గ్రేడ్లు: రిస్ట్రిక్టెడ్, జనరల్. రిస్ట్రిక్టెడ్‌కు మోర్స్ (చుక్కలు, గీతల కోడ్) అక్కర్లేదు, 50 వాట్ల వరకు అనుమతి, కాల్‌సైన్ వీయూ3తో మొదలవుతుంది. జనరల్‌కు మోర్స్ పరీక్ష ఉంటుంది, 400 వాట్లు, వీయూ2. దరఖాస్తు టెలికాం శాఖ సరళ్ సంచార్ పోర్టల్‌లో. ఫీజులు, తేదీలు అక్కడే చూడండి, వేరేచోట చదివిన పాత లెక్కలు నమ్మొద్దు. చదువులో సాయం కావాలంటే హైదరాబాద్‌లో 1983 నుంచీ ఉన్న నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియోను అడగొచ్చు. 2004 డిసెంబర్‌లో సునామీ వచ్చినప్పుడు అండమాన్‌లో ఫోన్లన్నీ పోతే బయటి ప్రపంచానికి కబుర్లు చేరవేసిన భారతి ప్రసాద్ బృందం ఈ సంస్థ నుంచి వెళ్లిందే.

పరీక్ష అయ్యాక లైసెన్స్ చేతికొచ్చేలోపు పోలీస్ వెరిఫికేషన్ లాంటివి ఉంటాయి, నెలలు పట్టొచ్చు. ఆ నెలలు వృథా కాదు, ఎందుకంటే అసలు పని అప్పుడే చేసుకోవాలి.

మూడో మెట్టు: తీగ

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. డబ్బు, ఓపిక రెండూ ఎక్కువ పెట్టాల్సింది ఇక్కడే.

హ్యాండీ వాడే 145 మెగాహెర్ట్జ్ తరంగాలు దాదాపు చూపు ఆనినంత దూరమే పోతాయి. ఇద్దరూ నేల మీద నిలబడితే లెక్క ప్రకారం పది కిలోమీటర్లు, ఇళ్లూ చెట్లూ అడ్డొస్తే రెండు మూడు. హైదరాబాద్ మనకు నూటనలభై కిలోమీటర్లు దాటి ఉంది. 7 మెగాహెర్ట్జ్ కథ వేరు. తీగను తక్కువ ఎత్తులో అడ్డంగా కడితే తరంగం దాదాపు నిట్టనిలువుగా పైకి పోయి, మూడు వందల కిలోమీటర్ల ఎత్తున ఉండే అయానో పొరకు తగిలి గొడుగులాగా కిందికి దిగుతుంది. పొద్దున పూట ఆ గొడుగు కిందే హైదరాబాద్, విజయవాడ, విశాఖ, బెంగళూరు, నాగపూర్ అన్నీ ఉంటాయి. మన ఊళ్లో హాములు తక్కువైనా ఆ గొడుగు కింద వందలమంది ఉన్నారు.

దీనికి కావాల్సింది హాఫ్‌వేవ్ డైపోల్, రెండు సమానమైన చేతులున్న తీగ యాంటెన్నా. 143ను మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే మొత్తం పొడవు మీటర్లలో వస్తుంది. 7.1కి 20 మీటర్ల 14 సెంటీమీటర్లు, అంటే ఒక్కో చేయి పది మీటర్లకు కాస్త పైన. వరంగల్ చౌరస్తా వైపు ఏ ఎలక్ట్రికల్ షాపులో అడిగినా ఇంటి వైరింగ్‌కు వాడే 1.5 స్క్వేర్ ఎంఎం రాగి తీగ దొరుకుతుంది, అదే చాలు. మధ్యలో పీవీసీ పైపు ముక్క, చివర్లకు పింగాణీ గుండీలు లేకపోతే అవే పీవీసీ ముక్కలు, కట్టడానికి నైలాన్ తాడు.

జాగా సరిపోతుందా అని అడుగుతారు. మన దగ్గర మామూలు ఇల్లు రెండు వందల గజాలు, ముప్పై బై అరవై అడుగులు. అరవై అడుగులంటే 18 మీటర్లు. తీగను తలకిందుల వీ ఆకారంలో, మధ్యను పైపు మీదికెత్తి చేతులు కిందికి దించి కడితే రెండు చివర్ల మధ్య 17 మీటర్లు చాలు. మా డాబా ఏడు మీటర్లు, దాని మీద పన్నెండడుగుల జీఐ పైపు, పదిన్నర మీటర్ల ఎత్తు వచ్చింది. పక్కింటి అంకుల్ డాబా ఎక్కి చూసి "ఏంది బాబూ, టవర్ పెడుతున్నవా, రేడియేషన్ రాదు కదా" అన్నాడు. తీగను చేతితో పట్టి చూపించి, ఇది బట్టలారేసుకునే తీగకు అన్నలాంటిదని చెప్పాక శాంతించాడు. ముందే చెప్పి చాయ్ తాగించి కట్టుకోండి.

కోసేటప్పుడు ఒక సంగతి. లెక్కలో వచ్చిన పొడవు ఒట్టి తీగకు. మన వైరింగ్ తీగకు ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది, దానివల్ల ఫ్రీక్వెన్సీ రెండు మూడు శాతం కిందికి జారుతుంది. నేను అనుమానంతో ఒక్కో చేయి 10 మీటర్ల 30కి కోశాను. ఎక్కించి, నానో వీఎన్‌ఏ తగిలించి చూస్తే గీతలో గుంట, అంటే తీగ బాగా పనిచేసే ఫ్రీక్వెన్సీ, 6.73 దగ్గర ఉంది. దించాను, చెరో ఇరవై సెంటీమీటర్లు తీశాను, ఎక్కించాను. 6.86. మళ్లీ దించు, మళ్లీ ఎక్కించు. నాలుగోసారి అటూ ఇటూ 9 మీటర్ల 77 దగ్గర 7.1 మీద గుంట కూర్చుంది, ఎస్‌డబ్ల్యూఆర్ (పంపిన పవర్ ఎంత వెనక్కి తిరిగొస్తుందో చెప్పే కొలత, 1 అయితే ఏమీ రాదు) 1.3. సాయంత్రం నాలుగింటికి మొదలుపెడితే ఏడయింది, అరచేతులు తాడుకు కాలాయి. తీగ పొట్టిగా కోస్తే అతుకులు వేసుకోవాలి, పొడుగ్గా ఉంటే కోసుకుంటూ రావొచ్చు. అసలు కోయకుండా చివరను వెనక్కి మడిచి చుట్టినా పొడవు తగ్గినట్టే లెక్క, మొదటి రెండుసార్లు అలాగే చేయండి.

నానో వీఎన్‌ఏ అన్నాను కదా, అరచేతిలో పట్టే కొలిచే పరికరం, నాలుగైదు వేలల్లో వస్తుంది. సెట్ కన్నా ముందే కొనండి. లైసెన్స్ రాకముందే, ఏ సెట్టూ లేకుండానే యాంటెన్నా ట్యూన్ చేసుకోవచ్చు దీనితో. ఎస్‌డబ్ల్యూఆర్ రెండు లోపుంటే చాలు, 1.1 కోసం డాబా మీద రాత్రిళ్లు గడపొద్దు, ఆ తేడా అవతలివాడికి వినపడదు.

కేబుల్ సంగతి. 7 మెగాహెర్ట్జ్‌కు ఆర్‌జీ-58 సరిపోతుంది, ఇరవై మీటర్ల పొడవుకు పోయేది కొంచెమే. అదే కేబుల్ 145 మెగాహెర్ట్జ్‌కు వాడితే ఇరవై మీటర్లలో సగానికి పైగా పవర్ కేబుల్లోనే వేడై పోతుంది, అక్కడ ఆర్‌జీ-213 లాంటి లావు కేబుల్ కావాలి. డిష్ టీవీకి వాడే ఆర్‌జీ-6 వినడానికి భేష్, చవక కూడా. కానీ దాని పైపొర అల్యూమినియం, సోల్డర్ అంటుకోదు, ఎఫ్ కనెక్టర్‌తో నెట్టుకు రావాలి. యాంటెన్నా దగ్గర కేబుల్‌నే జానెడు వెడల్పు చుట్టలుగా ఎనిమిది పది చుట్టి టేపు వేయండి, లేకపోతే కేబుల్ కూడా యాంటెన్నాలా ప్రవర్తించి ఇంట్లో నాయిసంతా సెట్లోకి మోసుకొస్తుంది.

ఇక మన ఊరి ప్రత్యేక బాధలు. కోతులు. హన్మకొండలో డాబా మీద ఏది కట్టినా అవి ఒకసారి ఊగి చూస్తాయి. నాకు రెండుసార్లు తీగ తెంపాయి. ఇప్పుడు ఒక చివర తాడును గట్టిగా కట్టకుండా గిలక మీదుగా వేసి చిన్న ఇటుక వేలాడదీశాను, కోతి ఊగితే ఇటుక పైకి లేస్తుంది, తీగ తెగదు. సంక్రాంతికి పతంగుల మాంజా చిక్కుకుంటుంది, వారం రోజులు దించేయడమే మంచిది. కరెంటు తీగల దగ్గర మాత్రం ఆటలొద్దు. పైపు పడిపోతే ఎంత దూరం పడుతుందో అంతకు రెట్టింపు దూరంలో లైన్లు ఉండాలి, తాడు విసిరేటప్పుడు ఎటు విసురుతున్నారో చూసుకోండి. మే, జూన్‌లో ఉరుములు మొదలైతే కేబుల్ సెట్ నుంచి పీకి కిటికీ బయట పడేయండి, పిడుగు పడేటప్పుడు పీకడానికి వెళ్లొద్దు.

నాలుగో మెట్టు: సెట్

లైసెన్స్ వచ్చింది, తీగ సిద్ధంగా ఉంది. ఇప్పుడు మూడు దార్లు.

మొదటిది మన హైదరాబాద్ సరుకు. అషర్ ఫర్హాన్, కాల్‌సైన్ వీయూ2ఈఎస్‌ఈ, మామూలు విడిభాగాలతో ఎవరైనా కట్టుకోగలిగేలా బిట్‌ఎక్స్ అనే ట్రాన్సీవర్‌ను (పంపడం, వినడం రెండూ చేసే సెట్) డిజైన్ చేశాడు. హైదరాబాద్‌లోని సాంస్కృతిక వేదిక లామకాన్ మొదలుపెట్టినవాళ్లలో ఒకడు కూడా ఆయనే. తర్వాత వచ్చిన మైక్రో బిట్‌ఎక్స్ 3 నుంచి 30 మెగాహెర్ట్జ్ వరకు, పది వాట్ల ప్రాంతంలో పంపుతుంది. బోర్డు తెచ్చుకుని డబ్బాలో బిగించుకోవాలి, సోల్డరింగ్ ఐరన్ పట్టడం రావాలి. పాడైతే మనమే విప్పి చూసుకోవచ్చు, సర్క్యూట్ అందరికీ అందుబాటులో ఉంది. ఎన్‌ఐటీలోనో పాలిటెక్నిక్‌లోనో ఎలక్ట్రానిక్స్ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇదే.

రెండోది షీగు జీ90 లాంటి చిన్న సెట్. 20 వాట్లు, లోపలే యాంటెన్నా ట్యూనర్ ఉంటుంది, తీగ సరిగ్గా కోయకపోయినా సర్దుకుంటుంది. విప్పి చూసే ఓపిక లేనివాళ్లకు ఇదే సరైనది. 7 మెగాహెర్ట్జ్ మీద 20 వాట్లు తక్కువని భయపడొద్దు. 20కీ 100కీ తేడా ఏడు డెసిబెల్స్, అవతలి ఎస్ మీటర్ (సిగ్నల్ బలం చూపేది) మీద గీత ఒకటీ అరా.

మూడోది ఐకామ్ ఐసీ-7300 లాంటి 100 వాట్ల సెట్. అద్భుతమైన సెట్, లక్ష దాటుతుంది. వీయూ3 వాళ్లు దాన్ని 50కి తగ్గించే వాడాలి. మొదటి సెట్‌గా వద్దంటాను. డబ్బుల గురించి కాదు, ఏ మీట ఎందుకు ఉందో తెలియకుండానే దానిలో సగం దాటిపోతాం.

పాత సెట్ దొరికితే ఇంకా మంచిది, కానీ అమ్మేవాడి కాల్‌సైన్ ముందు అడగండి, కాగితాలు చూడండి. 50 ఓమ్స్ డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు తగిలించి పరీక్షించేది) వెంట తీసుకెళ్లి ప్రతి బ్యాండ్‌లో పవర్ ఎంత వస్తుందో చూడండి. పది నిమిషాలు ఆన్‌లో ఉంచి ఫ్రీక్వెన్సీ జరుగుతుందేమో గమనించండి. మైక్ కాయిల్ వైరు మెలిక దగ్గర వేలితో కదిపి చూడండి, పాత సెట్లలో మొదట తెగేది అదే. మూత తీయనివ్వకపోతే లేచి వచ్చేయండి.

ఐదో మెట్టు: కరెంటు

ఇక్కడ నేను మోసపోయాను. ఎల్‌ఈడీ పట్టీలకు వాడే 12 వోల్టుల పవర్ సప్లై ఒకటి చవగ్గా తెచ్చి సెట్‌కు కలిపితే ఎస్ మీటర్ ఏకంగా 7 మీద కూర్చుంది, బ్యాండ్ అంతా తుమ్మెద రొద. ప్లగ్ పీకి పాత బ్యాటరీ తగిలిస్తే సూది 2కి పడింది, వెంటనే ఎవరో విశాఖ ఆయన గొంతు. డబ్బులు పోయాయి కానీ పాఠం వచ్చింది.

పది వాట్ల సెట్‌కు యూపీఎస్‌లో ఉండే 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ గంట రెండు గంటలు నడిపిస్తుంది. జీ90కి కాస్త పెద్దది కావాలి, లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీ అయితే తేలిక, వోల్టేజీ కూడా నిలకడగా ఉంటుంది. 100 వాట్ల సెట్ పంపేటప్పుడు ఇరవై ఆంపియర్ల పైన లాగుతుంది, దానికి 13.8 వోల్టుల 30 ఆంపియర్ల మంచి సప్లై తప్పదు. ఏదైనా సరే ఫ్యూజు బ్యాటరీ దగ్గరే పెట్టండి, ఎర్రదీ నల్లదీ తారుమారు కాని కనెక్టర్ వాడండి. నల్లటి టేపు చుట్టిన వైర్లతో రాత్రిపూట తడుముకుంటూ కలిపితే ఏమవుతుందో నా దగ్గర ఒక కాలిన డయోడ్ సాక్ష్యం ఉంది.

చివరగా: హ్యాండీ

ఇప్పుడు కొనండి. బాఫెంగ్, బావోఫెంగ్ అని ఎలా పలికినా యూవీ-5ఆర్ రకం సెట్ పనిచేస్తుంది, క్వాన్‌షెంగ్ యూవీ-కే5 అయినా సరే. కాగితాలున్న చోట, బిల్లుతో తీసుకోండి. ఈ సెట్లు 136 నుంచి 174 వరకు, 400 పైన ఇంకో పెద్ద ముక్క తెరుచుకునే వస్తాయి. మనకు అనుమతి ఉన్నది 144 నుంచి 146, 434 నుంచి 438 మాత్రమే. చిర్ప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఈ హద్దులు మెమరీలో పెట్టేసి మిగతా వాటి జోలికి పోకండి, పోలీసు చానెల్లో పొరపాటున పీటీటీ (మాట్లాడేటప్పుడు నొక్కే మీట) నొక్కితే పొరపాటు అన్న మాట ఎవరూ వినరు.

బయటి యాంటెన్నా కొనేటప్పుడు కనెక్టర్ చూడండి. యూవీ-5ఆర్ సెట్ మీద సూది ఉంటుంది, యాంటెన్నాలో రంధ్రం ఉండాలి. యాయెసు (Yaesu) కంపెనీ చిన్న సెట్లలో ఇది సరిగ్గా తలకిందులు. ఇంకా తేలిక, మీరే చేసుకోండి. ఎస్‌ఓ-239 సాకెట్ మధ్యలో 49 సెంటీమీటర్ల రాగి తీగ నిలువుగా, నాలుగు మూలల స్క్రూలకు 52 సెంటీమీటర్ల తీగలు నాలుగు వాలుగా. అరగంట పని, ఒక చాయ్ ఖర్చు కాదు కానీ రెండు మూడు వందలు దాటదు.

ఎవరితో మాట్లాడాలి అంటారా, పైకి చూడండి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మన డాబా మీదుగా రోజుకు కొన్నిసార్లు పోతుంది, ఒక్కోసారి పది నిమిషాలు. అందులోని హామ్ రేడియో 145.800 మీద వినిపిస్తుంది. అప్పుడప్పుడు చిత్రాలు పంపుతారు, ఫోన్‌లో ఎస్‌ఎస్‌టీవీ (చప్పుడుగా వచ్చిన బొమ్మను విప్పే) యాప్ పెట్టి స్పీకర్ పక్కన ఉంచితే గీత గీతగా బొమ్మ దిగుతుంది. రిపీటర్ ఆన్‌లో ఉన్నప్పుడు 145.990లో 67 హెర్ట్జ్ టోన్‌తో పంపి 437.800లో వినాలి. అది దగ్గరికి వచ్చేటప్పుడు వినే ఫ్రీక్వెన్సీని 437.810కి పెట్టి, నెత్తి మీదికొచ్చాక 437.800, దూరమయ్యేకొద్దీ 437.790. యాంటెన్నాను దాని వైపు చూపించకుండా అడ్డంగా తిప్పండి, రబ్బరు కర్ర మొన వైపు సిగ్నల్ ఉండదు. మొదటిసారి కాల్‌సైన్ ఒక్కటే, ఒకేసారి, స్పష్టంగా చెప్పి పీటీటీ వదిలేయండి. ఆ పది నిమిషాల్లో సగం ఆసియా అదే చానెల్లో ఉంటుంది.